ఖాళీగా ఉన్నప్పుడు కుట్టిపెట్టాలట

మొన్న మా పిన్ని కూతురు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టింది. "అక్కా, వైశాఖంలో పెళ్ళి కదా, నా బ్లౌజు మెడకీ చేతులకీ నీ పూల పని చేసిపెట్టవా? తొందరేం లేదు, నువ్వు ఖాళీగా ఉన్నప్పుడే." కింద ఒక నమస్కారం, ఒక గులాబీ పువ్వు.

ఖాళీగా ఉన్నప్పుడు! ఫాల్గుణం చివర్లో విశాఖపట్నంలో సంసారం చేస్తున్న మనిషిని పట్టుకుని అడగాల్సిన మాటేనా ఇది?

మావాడికి పదో తరగతి పబ్లిక్ పరీక్షలు. వాడికి లేని టెన్షన్ నాకు. కొత్త అమావాస్యకి ఇల్లు దులపడం, మర్నాడు ఉగాది. (నా పుట్టిల్లు పాలకొల్లు. పెళ్ళై ఇక్కడికొచ్చేదాకా కొత్త అమావాస్య ఇంత పెద్ద పండగని నాకు తెలీదు. ఇప్పుడు అత్తయ్య కంటే నా హడావుడే ఎక్కువ, అది వేరే సంగతి.) తర్వాత శ్రీరామనవమి. ఆ వెంటనే ఏకాదశికి సింహాచలంలో అప్పన్న కల్యాణం. మోకాళ్ళ నొప్పులున్నా అత్తయ్య వెళ్ళి తీరాలంటారు, పక్కన నేనుండాలి. మా ఆయనకి ఆఫీసులో మార్చి నెలాఖరు, ఇంట్లో మనిషి కనబడరు. వీటి మధ్యలో అమ్మకి కంటి ఆపరేషన్, నాకు పాలకొల్లు ప్రయాణం.

"అన్నీ ఎలా బ్యాలెన్స్ చేస్తావో!" అంటారు. చెయ్యడం లేదండీ. ఏదో ఒకటి మూలపడుతుంది. మూలపడేది ఎప్పుడూ సూదే. పప్పు మాడితే అందరికీ తెలుస్తుంది. కుట్టు ఆగిపోతే ఎవరికి తెలుస్తుంది?

ఒక్క పువ్వు సంగతి చెప్తాను. కాడకుట్టుతో తొడిమ, గొలుసుకుట్టుతో రేకులు, మధ్యలో నాలుగు ముడులు. చెయ్యి బాగా సాగితే 20 నిమిషాలు. మా చెల్లి అడిగిన మెడకీ చేతులకీ కలిపి 34 పూలు. అంటే 11 గంటల పైమాటే. ఇందులో డిజైన్ దించే టైము కలపలేదు, తప్పు పడితే విప్పే టైమూ కలపలేదు. దారం చుట్ట 8 మీటర్లు, ఆరు పోగులు. రెండు పోగులు విడదీసి కుడతాను. సగంలో దారం అయిపోతే పూర్ణా మార్కెట్‌కి పరుగు, అదే నంబరు తెచ్చినా ఒక్కోసారి రంగు ఒక పిసరు తేడా. ఆ తేడా నాకు తప్ప ఎవరికీ కనబడదంటారు. నాకు కనబడుతుందిగా, చాలదా?

ఈ ఊరి గాలి ఇంకోటి. సముద్రం చూసి మురిసిపోయేవాళ్ళకి తెలీదు, చైత్రంలో మధ్యాహ్నం సూది పట్టుకుంటే వేళ్ళు జారతాయి. పౌడరు రాసుకుని కూర్చుంటాను. సూదులు డబ్బాలో ఊరికే పడేస్తే తుప్పు. జరీ దారం ప్లాస్టిక్ కవర్లో ఉంచితే నల్లబడుతుంది. కాగితంలో చుట్టి బీరువాలో పెట్టాలి.

ఉగాది పొద్దున్న జరిగింది వింటే నవ్వుతారు. మా మేనకోడలికి తెల్ల గౌను మీద పూలు కుడుతున్నాను, పాలకొల్లు తీసుకెళ్ళాలని. గడపలకి పసుపు రాసి, చేతులు కడుక్కున్నాననుకుని, పచ్చడికి మామిడికాయ తరిగేలోపు ఒక్క రేకైనా పూర్తి చేద్దామని గుడ్డ బిగించిన కుట్టు రింగు చేతిలోకి తీశాను. గౌను పొట్ట మీద సరిగ్గా నా పసుపు బొటనవేలి ముద్ర. కంగారులో సబ్బు పెట్టాను. పసుపు ఎర్రబడింది! ఏడుపొచ్చింది. అత్తయ్య చూసి, "ఎండలో పడెయ్యి, అదే పోతుంది" అన్నారు. రెండు రోజులు డాబా మీద ఆరేశాను. నిజంగానే వెలిసిపోయింది. ఆవిడకి కుట్టు రాదు, కానీ పసుపు సంగతి తెలుసు.

చివరికి ఆ గౌను పూర్తయింది ఎక్కడో తెలుసా? రైల్లో. నిడదవోలు దాకా నాలుగు గంటలు నన్ను పిలిచేవాళ్ళు లేరు. మగ్గం చట్రాన్ని ఎక్కడికీ మొయ్యలేం గానీ చేతి రింగు హ్యాండ్‌బ్యాగులో పడుతుంది. అనకాపల్లిలో నూకాలమ్మ జాతరకి దిగేవాళ్ళు దిగాక బోగీలో కాస్త గాలి ఆడింది. ఎదురు సీటు పెద్దావిడ తుని దాకా చూసి చూసి, "ఏటమ్మా, ఇంతసేపూ ఒక్క పువ్వుకేనా? మిషనోడికిస్తే గంటలో అయిపోద్ది కదా" అంది. "అయిపోద్దండీ" అన్నాను. కాసేపటికి తనే లేచి, "ఇటు కూకో, కిటికీ కాడ వెలుతురుంటాది" అని సీటు మారింది. ఆ నెలంతా నా కుట్టుకి ఎవరైనా చోటిచ్చారంటే ఆవిడే.

మా పాలకొల్లుకి ఆనుకునే నరసాపురం. అక్కడి లేసుకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే ముద్ర, వచ్చింది, సంతోషం. చిన్నప్పుడు మా వీధి అరుగుల మీద ఆడవాళ్ళు మాట్లాడుతూనే అల్లేవాళ్ళు, చూపు దారం మీద ఉండేది కాదు. మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త ఆ లేసు పనివాళ్ళ మధ్య తిరిగి 1982లో రాసింది ఇదే: వాళ్ళు ఇంటిపట్టున ఉండే గృహిణులు, లేసు వాళ్ళ తీరిక వేళ పని అని అందరూ అనుకోబట్టే, విదేశాలకి పోయే సరుక్కి అంత తక్కువ కూలి సరిపోయిందని. తీరిక వేళ అన్న పేరు పడితే ఇక గంటలెవరు లెక్కపెడతారు? నాది వాళ్ళలా పొట్టకూటి పని కాదు, పోల్చుకోను. మాట మాత్రం అదే మాట.

తప్పు నాదీ ఉంది. ఎవరైనా ఫోన్ చేసి "ఏం చేస్తున్నావు" అంటే, ఒళ్ళో రింగు పెట్టుకుని కూడా "ఏం లేదు, ఖాళీగానే ఉన్నాను" అంటాను. నిన్న కూడా అన్నాను.

అందుకే మా చెల్లికి ఈసారి రాత్రి కూర్చుని జవాబు రాశాను. 34 పూలు, ఒక్కోటి 20 నిమిషాలు, దారం ఖర్చు వేరే. ఖాళీ ఉన్నప్పుడే చేస్తాను కాబట్టి ఆషాఢంలో ఇస్తాను, పెళ్ళికే కావాలంటే ఇదీ కూలి. నీలం టిక్కులు రెండూ పడ్డాయి. ఇప్పటిదాకా ఉలుకూ లేదు పలుకూ లేదు.