ఎక్కేదానికే మాట్లాడుకున్నాం

మా ఇంట్లో డాక్టర్లకు కొదవ లేదు. పెళ్లిపందిట్లో ఎవరైనా కళ్లు తిరిగి పడిపోయి, "డాక్టర్ ఎవరన్నా ఉండారా?" అని కేక వినబడితే మావాళ్లు ఏడుగురు లేస్తారు. లేచి, పడిపోయిన ఆయన రెండు కాళ్లవాడేనని చూసుకుని మళ్లీ కూర్చుంటారు. ఏడుగురూ పశువుల డాక్టర్లే.

ఈ అలవాటు మా పెద్దన్నతో మొదలైంది. 2008లో మా ప్రొద్దుటూరు పక్కన గోపవరంలో పశువైద్య కళాశాల పెట్టాక అది అంటురోగమైంది. ఇంటి నుంచి క్యారియర్ పంపగలిగే దూరంలో కాలేజీ ఉంటే ఏ తల్లి మాత్రం వదులుకుంటుంది? మెడిసిన్ సీటు రాక చేరినవాళ్లు కొందరు, వద్దన్నా వినకుండా ఇష్టపడి చేరినవాళ్లు కొందరు. ఈ రెండో రకం వాళ్ల ముందు మొదటి మాట అంటే ఊరుకోరు.

నా మటుకు నాకు అందరూ ఒకటే. పశువుల డాక్టరంటే ఒక సంచి, ఒక సూది, భుజం దాకా తొడుక్కునే గ్లౌజు. వీళ్లలో ఒకరు చేసే పని ఇంకొకరికి రాకపోవచ్చునని మొన్న మా పైపోర్షన్ గృహప్రవేశం నాడు గానీ తెలియలేదు.

రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో ఇంటి మీద ఇల్లు కట్టించాను. మెట్లకు కడప బండ వేద్దామని మేస్త్రీ మొత్తుకున్నాడు. "గరుగ్గా ఉంటాది సార్, కాలికి పట్టు దొరుకుతాది" అన్నాడు. కడప జిల్లాలో పుట్టి కడప బండే వేయించుకుంటే చుట్టాలు ఏమనుకుంటారని నేను నల్ల గ్రానైటే వేయించాను. పంతొమ్మిది మెట్లు. వంగి చూస్తే మన తల కింద ఆకాశం కనబడేంత నునుపు.

ఉదయం 7.20కి ముహూర్తం. ఆవుకు పదిహేను వందలకు బేరం కుదిరింది. దూడ కూడా ఉండాలన్నాడు పంతులు. అది ఇంకో ఇంటికి బుక్కైందన్నాడు ఆవు ఆసామి. నాలుగొందల కిలోల తెల్లావు, నుదుట పసుపు కుంకుమ, కొమ్ములకు చామంతి దండలు. ముందు ఒకడు గరిక చూపిస్తూ నడిస్తే, పంతొమ్మిది మెట్లూ టకటకా ఎక్కేసింది. హాల్లోకి రాగానే నడిమధ్యన పేడ వేసింది. మా ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "లక్ష్మి వచ్చిందండీ!" అంది. కాసేపటికి రెండోది కూడా వచ్చింది. అది తివాచీ మీద.

హారతి అయింది, పాలు పొంగాయి. ఇంక ఆవు దిగాలి.

మెట్ల మొదట్లో నిలబడి కిందికి చూసింది. ఒక అడుగు వెనక్కి వేసింది. ఆసామి ముక్కుతాడు పట్టుకుని గుంజాడు. రెండడుగులు వెనక్కి వేసింది. వెనక నుంచి ఇద్దరు తోశారు. వాళ్లలో ఒకడు నేను, అందుకే పంచె మార్చుకోవలసి వచ్చింది. తోక మెలిపెడితే కాలు విసిరింది. కొత్త తలుపుకు వేసిన టేకు పాలిష్ మీద ఇప్పటికీ గిట్ట ముద్ర ఉంది.

ఈలోగా ఆసామికి ఫోన్ వచ్చింది. "సార్, గెట్టి ముహూర్తం, ఇంకా మూడిండ్లు ఉండాయి. అరగంటలో వస్తా, గడ్డి ఏస్తా ఉండండి."

"ఏమప్పా, ఆవును దించకుండా పోతే ఎట్లా?"

"ఎక్కేదానికే గద సార్ మాట్లాడుకున్నాం" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

మా ఆవిడ నా వైపు చూసిన చూపు రాయను. "ఇంట్లో ఏడుమంది డాక్టర్లను పెట్టుకుని ఏందండీ ఇది?" అంది. నిజమే కదా అని ఫోన్ తీశాను.

మొదట పెద్దన్న. పల్లెల్లో వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా చేరి, అసిస్టెంట్ డైరెక్టరుగా రిటైరైన మనిషి. గాలికుంటు, జబ్బవాపు, గొంతువాపు, గొర్రెల్లో చిటుక రోగం, ఆయన చూడనిది లేదు. అర్ధరాత్రి లాంతరు వెలుగులో అడ్డం తిరిగిన దూడను సరిచేసి బయటికి లాగిన చేతులవి. ఇప్పుడు అమెరికాలో కూతురింట్లో ఉన్నాడు. అక్కడ అర్ధరాత్రి. వీడియో కాల్లో సగం ముఖం, సగం ఫ్యాను కనబడ్డాయి.

"నెమరు వేస్తోందా?" అన్నాడు.

"అన్నా, అది కాదు, మెట్లు దిగడం లే..."

"నెమరు వేస్తోందా లేదా? పేడ ఎట్లా ఉంది? గెట్టిగానా, పల్చగానా?"

ముప్పై ఐదేళ్లు ఆయన దగ్గరికి వచ్చింది జబ్బు పశువులే. ఆరోగ్యంగా ఉండి మాట వినని ఆవు ఆయన సర్వీసులో తగల్లేదు. ఫోన్ ఫ్రిజ్ మీద ఆనించి, పక్కింటి వాళ్లు అరువిచ్చిన ఇంకో ఫోన్ అందుకున్నాను.

మేనల్లుడు హైదరాబాద్ దగ్గర ఒక కోళ్ల కంపెనీలో పెద్ద హోదాలో ఉన్నాడు. కొక్కెర తెగులు టీకాల నుంచి దాణాలో కాల్షియం దాకా నోటికి వచ్చినవాడు. అంతా విని, "ఎన్ని ఉన్నాయి మామా?" అన్నాడు.

"ఒకటేరా."

"ఒకటేనా!" వాడి గొంతులో జాలి. "మేం ఒక్కదాని గురించి ఆలోచించం మామా. షెడ్డుకు ఐదువేలు ఉంటే, ఐదువేలూ కలిపి ఒక పేషెంటు. ఒక్కటి తేడాగా ఉంటే..." అని ఆగిపోయాడు. ఏం చేస్తారో నేనూ అడగలేదు. గృహప్రవేశం రోజు వినదగ్గ మాట కాదనిపించింది.

తోడల్లుడి కొడుకు అడవి జంతువుల డాక్టరు. చిరుతకు, ఎలుగుబంటికి దూరం నుంచి తుపాకీతో మత్తుసూది వేస్తాడు. వాడి పేరు తట్టగానే ప్రాణం లేచొచ్చింది.

"పెద్దనాయనా, మత్తిస్తే పడుకుంటాది. పడుకున్న నాలుగొందల కిలోలను ఎవరు మోస్తారు? పైగా నెమరు వేసే జంతువు. మత్తులో కడుపు ఉబ్బుతాది, కడుపులోది గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే అంతే. చిరుతకైతే ఇంత తలనొప్పి లేదు."

"అయితే చిరుతను తెచ్చుకోవాల్సింది గృహప్రవేశానికి" అన్నాడు పంతులు. ఆయనకు వేరే ఇంట్లో వ్రతం ఉంది, ఆవు మెట్లకు అడ్డం ఉంది.

బామ్మర్ది సైన్యంలో రిమౌంట్ వెటర్నరీ కోర్‌లో మేజరు. 1779లో మొదలైన సంస్థ అది, గుర్రాలు, కంచరగాడిదలు, కుక్కలు వాళ్ల పని. "బావా, మా కంచరగాడిదలు వీపున మూటలతో మంచుకొండలు దిగుతాయి తెలుసా!" అని మొదలుపెట్టాడు. అక్కడ దిగేది కంచరగాడిద, ఇది మా ఆవు అన్నాను. "ట్రైనింగ్ ఉండాల్సింది" అన్నాడు. ఎప్పుడు? ఏడు ఇరవైకా?

చిన్నాయన కొడుకు పశువైద్యం చదివి బ్యాంకులో చేరాడు, పాడి లోన్లు చూస్తాడు. "చెవి పోగు మీద పన్నెండంకెల నంబరు ఉంటుంది, చెప్పన్నా. ఇన్సూరెన్స్ ఉందో లేదో..." కట్ చేశాను.

మిగిలింది ఇద్దరు. ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు.

అక్క కూతురు పట్టుచీరలో మెట్లెక్కి వచ్చింది. ఆమె పాథాలజీ. ల్యాబులో స్లైడ్లు చూస్తుంది, పోస్టుమార్టం చేస్తుంది. గొర్రె హఠాత్తుగా చచ్చిందని ఎవరైనా తెస్తే, కత్తి ముట్టకుండా ముందు చెవి నుంచి చుక్క రక్తం తీసి స్లైడు చూస్తుంది. దొమ్మ రోగమైతే ఆ కళేబరాన్ని కోయకూడదు, కోస్తే క్రిములు నేలకు పట్టి ఏళ్ల తరబడి ఉండిపోతాయి. అంత జాగ్రత్త మనిషి. కానీ మా అత్తగారికి ఆమె గురించి తెలిసింది ఒక్కటే ముక్క. "ఆ పాపను పైకి రానీయొద్దండ్రా, ఆవు ఇంకా బాగానే ఉంది!" అని గోల.

"నాతో పని పడకపోతేనే మంచిది మామా" అని నవ్వి, ఆవు గంగడోలు ఒకసారి నిమిరి కిందికి వెళ్లిపోయింది. ఆమెకు చేతనైన పని ఆమె చేసింది. దిగి చూపించింది.

ఇక ఏడో డాక్టరు మా తమ్ముడి కోడలు. నిజం చెప్పాలంటే ఆమెను మేం లెక్కలో వేసుకునేవాళ్లం కాదు. పెళ్లిచూపుల్లో మా అత్తగారు, "సూది వేస్తావా తల్లీ?" అని అడిగితే, "అవసరమైతే వేస్తాను. నేను పీజీ చేసింది లైవ్‌స్టాక్ ప్రొడక్షన్ మేనేజ్‌మెంట్" అంది. అంటే ఏమిటో చెప్పమన్నాం. పశువుల్ని ఎలా ఉంచాలి, షెడ్డు నేల ఎంత వాలుండాలి, వాటిని ఎలా నడిపించాలి, అవి ఎందుకు బెదురుతాయి, ఇవీ. డిగ్రీ ఐదున్నరేళ్లు, పీజీ రెండేళ్లు. "ఏడున్నరేళ్లా? ఏలినాటి శని కూడా అంతేగా!" అన్నాను నేను. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వింది, కానీ గుర్తుపెట్టుకుంది.

ఆ పొద్దు ఆమె కింద ఓళిగలు వడ్డిస్తోంది. నాకు కాఫీ ఇద్దామని పైకి వచ్చి, ఆవునూ మెట్లనూ మార్చి మార్చి చూసింది.

"పెద్దమామా, ఆ సన్నాయి క్యాసెట్టు ఆపించండి. అందర్నీ లోపలికి పంపండి. ఇసుక ఉందా?"

ఇల్లు కట్టినవాడింట్లో ఇసుకకు కొదవా? వంటవాళ్ల దగ్గర, వీధి చివర బియ్యం అంగట్లో కలిపి గోనెపట్టాలు పాతిక దొరికాయి. మెట్టు మెట్టుకూ తడి ఇసుక పోసి, పైన పట్టా పరిపించింది. మెట్ల పక్క కిటికీకి దుప్పటి కట్టించింది. ఆ పనులు చేస్తూనే నాకు క్లాసు చెప్పింది. ఆవు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, దాదాపు చుట్టూ కనబడుతుంది. కానీ కాళ్ల ముందు లోతు ఎంతో తెలియాలంటే తల వంచి చూసుకోవాలి. మనం ముక్కుతాడు పైకి బిగించి పట్టుకుంటే తల ఎలా వంచుతుంది? బరువులో సగానికి పైగా ముందుకాళ్ల మీదే ఉంటుంది కాబట్టి ఎక్కడం సులువు, దిగడం భయం. ఇక కిటికీ వెలుగు పడి మెరిసే నల్లరాయి దానికి మెట్టులా కనబడదు.

"బావిలా కనబడుతుంది పెద్దమామా."

ఆ మాటతో నాకు గ్రానైటు చదరపడుగు ధర గుర్తొచ్చింది. గేటు దగ్గర నిలబడ్డ మేస్త్రీ మొహం చూడలేదు.

తాడు వదులు చేసింది. ఆవుకు ఎదురుగా కాకుండా, సరిగ్గా వెనక కూడా కాకుండా (సరిగ్గా వెనక నిలబడితే దానికి కనబడమట, నా పంచె సంగతి అప్పుడర్థమైంది) భుజానికి కాస్త వెనగ్గా నిలబడింది. ఏమీ చేయలేదు. తోయలేదు, అరవలేదు. ఆవు తల దించింది. గోనెపట్టా వాసన చూసింది. బియ్యం నూక రెండు గింజలు నాకింది. ముందుకాలు పెట్టింది, తీసింది. మళ్లీ పెట్టింది. ఇంట్లో నలభైమందిమి వంటింటి గుమ్మంలో ఊపిరి బిగబట్టి నిలబడ్డాం.

నాలుగు మెట్లు దిగి ఆగింది. నా చేతిలోని ఫోన్లోంచి బామ్మర్ది "చలో, చలో!" అన్నాడు. నేనేం చేశానో నాకే తెలియదు, పక్కింటాయన ఫోన్ పాయసం గిన్నెలో తేలింది. మళ్లీ కదిలింది. పంతొమ్మిది మెట్లకు ఇరవై ఐదు నిమిషాలు.

ఆఖరి మెట్టు దగ్గరుండగా ఆసామి వచ్చాడు. అరగంటన్నవాడు, మూడు గంటలైంది.

"నేను చెప్పలా సార్, అదే దిగుతాదని" అని తలపాగా తీసి దులిపాడు. "దిగేదానికి ఇంకో ఐదొందలు ఇప్పించండి."

ఇచ్చాను. ఆ సరికి మా తమ్ముడి కోడలి చుట్టూ చుట్టాలు మూగారు. ఒకామె వాళ్ల పిల్లి పాలు తాగడం లేదంటుంది, ఒకాయన గేదె కొనాలంటాడు, మా అత్తగారైతే మోకాలు చూపిస్తోంది. ఆమె నావైపు తిరిగి, "ఎన్నేళ్లు చదివానన్నారు పెద్దమామా?" అని అడిగింది. నేను గోనెపట్టాలు లెక్కపెట్టే పనిలో ఉన్నాను.

ఇంతలో పైనుంచి ఎవరో కేకలేస్తున్నట్టు వినబడింది. పరుగున వెళ్లాను. హాల్లో ఎవరూ లేరు. ఫ్రిజ్ మీద ఫోన్, ఫోన్లో సగం ఫ్యాను, సగం అన్న. మూడు గంటలుగా ఎవరమూ కాల్ కట్ చేయలేదు.

"రేయ్, ఎవరన్నా చెప్పండ్రా, నెమరు వేస్తోందా?"

కిటికీ దుప్పటి పక్కకు లాగి కిందికి చూశాను. ఆవు గేటు పక్కన, సగం మా పూలకుండీల మధ్య నిలబడి, కళ్లు అరమోడ్చి దవడ ఆడిస్తోంది.

"వేస్తోందన్నా."

"అయితే ఏం పర్లేదు" అని చెప్పి పడుకున్నాడు.