రైఫిలా, షాట్‌గనా: ముందు కన్ను చూసుకోండి

కొత్తగా షూటింగ్ నేర్చుకునేవాళ్లు రైఫిల్, షాట్‌గన్‌లలో ఏది ఎంచుకోవాలనే వ్యాసంలో, షాట్‌గన్ తూటాలోని చిన్న రవ్వలు చెదురుతాయి కాబట్టి గురి తేలిక అని రాశారు. ఒప్పుకోను. ట్రాప్‌లో, అంటే గాల్లోకి విసిరే పళ్లేలను షాట్‌గన్‌తో కాల్చే పోటీలో, క్లే పళ్లెం అడ్డుకొలత 110 మి.మీ. మాత్రమే, పైగా పారిపోతుంటుంది. పక్కకు పోయేదానికి కాస్త ముందు కాల్చాలి, తుపాకీ ఊపు ఆగకూడదు. ట్రిగ్గర్ నొక్కగానే చేయి ఆగిందా, రవ్వలు వెనకబడతాయి. చెంప స్టాక్ (భుజానికి ఆనించే తుపాకీ వెనక భాగం) నుంచి లేస్తే కన్ను పైకి పోతుంది, దెబ్బా పళ్లెం పైనుంచి పోతుంది. కొత్తవాళ్ల గురి తప్పేది ఎక్కువగా ఈ రెండింటివల్లే.

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పూర్తిగా వేరు. పది పాయింట్ల చుక్క 0.5 మి.మీ., పెల్లెట్ (అందులో వాడే చిన్న గుండు) 4.5 మి.మీ. ఊపిరి కొంత వదిలి ఆపాక పది సెకన్లలోపు పేలకపోతే దించేయండి. ఎక్కువసేపు పట్టుకుంటే చూపు మసకబారుతుంది, ఒళ్లు వణుకుతుంది. ఆ ఓపిక లేనివాళ్లకు రైఫిల్ నరకమే.

కుడిచేతివాటం ఉండి ఎడమ కన్ను బలమైతే (గురిలో మెదడు ఆ కంటినే ఎక్కువ నమ్మితే), రెండు కళ్లూ తెరిచి కాల్చే షాట్‌గన్‌లో దెబ్బ ఎడమకు పోతుంది. కళ్లజోడు ఎడమ అద్దంమీద, కంటిపాపకు ఎదురుగా చిన్న టేపు ముక్క అంటించండి. రైఫిల్‌కు ఆ కంటి ముందు అడ్డు పెడితే చాలు.

ఖర్చు సంగతి: పెల్లెట్లు చవక. షాట్‌గన్‌లో రౌండుకు 25 పళ్లేలు, ట్రాప్‌లో రెండో తూటా కూడా వాడితే లెక్క ఇంకా పెరుగుతుంది.