నెయ్యిలో నీళ్ళు పోస్తే పాలవుతాయా?

"పగడాలు వద్దు, సముద్రపు నాచు పెంచండి. ఖర్చు లేదు, కరెంటు లేదు, నీళ్ళు మార్చే పని లేదు." ఇంట్లో ఉప్పునీటి చేపల తొట్టి పెట్టుకునేవాళ్ళకు సలహా అంటూ తిరుగుతున్న ఈ సందేశం ఇచ్ఛాపురం నుంచి బావమరిది పంపాడు. పర్లాకిమిడి మేనమామ పంపాడు. బరంపురంలో రంగుచేపలు అమ్మే కుర్రాడు కూడా పంపాడు, వాడికైనా తెలియాలి. శీర్షిక కింద ఆరు సూత్రాలు, పచ్చగా మెరిసే తొట్టి ఫొటో. పంపినవాళ్ళెవరి ఇంట్లోనూ ఉప్పునీటి తొట్టి లేదు.

నాచు ఉంది కాబట్టి మొదటి రోజే చేపలు వదలవచ్చట. వదలండి, మూడో రోజు తీసి పారేయండి. చేపల వ్యర్థాల నుంచి పుట్టి వాటికే విషమయ్యే అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నాచు ఆ పనిలో సాయం చేస్తుందే తప్ప మొత్తం భారం మోయదు.

రెండో సూత్రం దగ్గరే నా ఓపిక పోయింది. "నౌపడ కల్లుప్పు కుళాయి నీళ్ళలో కలపండి. సముద్రం ఎండితేనే కదా ఉప్పయింది, నీళ్ళు పోస్తే మళ్ళీ సముద్రమే." వినడానికి ఎంత బాగుందో! నౌపడ కొఠార్లు, గంజాం జిల్లాలోని హుమ్మా ఉప్పుమడులు మనకు దూరమేమీ కాదు. రాసినాయన ఒక్కసారి గట్టు మీద నిలబడి చూడాల్సింది. సముద్రపు నీరు మడి నుంచి మడికి మారుతూ చిక్కబడుతుంది. ముందు కాల్షియం కార్బొనేటు, ఆ వెనక జిప్సం అడుక్కు దిగుతాయి. ఆ తర్వాతే ఉప్పు గింజ కడుతుంది. ఉప్పు తీశాక మిగిలిన చేదు నీటిని వదిలేస్తారు. మెగ్నీషియం, పొటాషియం చాలావరకు దానితోనే పోతాయి. అంటే సంచిలో మీకు దొరికేది దాదాపుగా సోడియం క్లోరైడు ఒక్కటే. అసలు సముద్రంలో లీటరుకు సుమారు 1,280 మిల్లీగ్రాముల మెగ్నీషియం, 410 కాల్షియం, 390 పొటాషియం ఉంటాయి. నెయ్యిలో నీళ్ళు పోసి పాలని తాగేవాళ్ళు ఈ సూత్రం పాటించవచ్చు.

ఇంకో విచిత్రం, ఆ ఫొటోలో ముందు వరుసలో కనిపించేది హాలిమెడా. ఆ నాచు తన ఒంటిని కాల్షియం కార్బొనేటుతోనే కట్టుకుంటుంది. కల్లుప్పు నీళ్ళలో అది తెల్లబడి రాలిపోతుంది. తొట్టి పాడైతే డబ్బు పోతుంది, అంతే అనుకోవచ్చు. కానీ అందులో వేసిన క్లౌన్ చేప ప్రాణం పోవడానికి కారణం ఏమిటో కూడా ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. అందుకే ఈ ఒక్క సూత్రం గురించి ఇంత రాస్తున్నాను. మెరైన్ సాల్ట్ అని అమ్ముతారు, అదే కొనండి. లీటరుకు 35 గ్రాములు, ఆర్వో నీళ్ళు, మంచినీటితో పోలిస్తే సాంద్రత 1.025. గోపాలపూర్ నుంచి డబ్బాలతో సముద్రపు నీళ్ళు తెచ్చుకుంటామంటే వేసవిలో తెచ్చుకోండి. వానలు మొదలయ్యాక నదుల నీరు కలిసి ఒడ్డున ఉప్పదనం పడిపోతుంది. రుషికుల్య మొగ దగ్గరైతే అసలు ముంచకండి.

నీరు తగ్గినప్పుడల్లా ఉప్పునీరే పోయాలన్నది మూడో సూత్రం. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు కాదు. మన ఊళ్ళ ఎండలకు నెల తిరిగేసరికి మీ తొట్టి చిన్నపాటి నౌపడ అవుతుంది. తగ్గినంత మంచినీళ్ళే పోయాలి.

కరెంటు రోజుల తరబడి లేకపోయినా ఫరవాలేదట, నాచు ఆక్సిజన్ ఇస్తుందట. పగలు ఇస్తుంది. రాత్రి చేపలతో పోటీపడి అదే పీలుస్తుంది. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుఫాన్లు వచ్చినప్పుడు ఈ ప్రాంతంలో ఎన్ని రాత్రులు చీకట్లో గడిపామో గుర్తులేదా? బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి కొనిపెట్టుకోండి.

అయితే ఐదో సూత్రం నిజం. ఖరీదైన లైట్లు అక్కరలేదు. 6500 కెల్విన్ తెల్ల ఎల్ఈడీ బల్బుకు కీటోమార్ఫా అనే నాచు దర్జాగా పెరుగుతుంది. కాస్త నైట్రేట్, ఫాస్ఫేట్ ఉన్న నీరే దానికి ఇష్టం, మరీ శుభ్రం చేస్తే ఆకలికి పాలిపోతుంది. పగడాలు వద్దన్న మాటనూ ఒప్పుకుంటాను, సందేశం చెప్పని కారణంతో కూడా. దిబ్బలు కట్టే పగడాలు 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో పులితోపాటు, అత్యధిక రక్షణ ఉండే మొదటి షెడ్యూలులో ఉన్నాయి.

ఆరో సూత్రం: ఈకల్లాంటి కాలెర్పా నాచు పెంచి, ఎక్కువైతే కత్తిరించి సముద్రంలో వదలాలి. మొదటి సగమే ఒక తలనొప్పి. కాలెర్పా ఒక్కోసారి రాత్రికి రాత్రి బీజకణాలు వదిలి తెల్లబడి, నీటిని పాలలా చేసి చచ్చిపోతుంది. రెండో సగం ఇంకా చెడ్డది. తొట్లలో పెంచిన టాక్సిఫోలియా అనే కాలెర్పా రకం 1984లో మొనాకో తీరంలో కనిపించి మధ్యధరా సముద్రంలో విస్తరించింది. 2000లో కాలిఫోర్నియా మడుగుల్లో బయటపడితే, టార్పాలిన్లు కప్పి కింద క్లోరిన్ పోసి, 2006 నాటికి గాని వదిలించుకోలేకపోయారు. చిన్న ముక్క చాలు, మళ్ళీ మొలుస్తుంది. ఎక్కడి నుంచో తెప్పించిన మొక్కను బారువ ఒడ్డునో, సోన్‌పూర్ దగ్గర బాహుదా మొగలోనో వదలడానికి మనకు హక్కు లేదు. కత్తిరించినది మంచినీళ్ళలో కడిగి, బాగా ఎండబెట్టి, కొబ్బరిచెట్టు మొదట్లో వేయండి. కవిటి, సోంపేట వైపు చుట్టాలున్నవాళ్ళకు చెట్ల కొరత ఎలాగూ లేదు.