రెండో ముద్ర పడితే ఓటు ఎందుకు చెల్లకూడదు?

2024 లోక్‌సభ ఎన్నికల్లో తిరుపతి స్థానం 14,569 ఓట్ల తేడాతో తేలింది. వైఎస్సార్‌సీపీ అభ్యర్థి గురుమూర్తి గెలిచారు, బీజేపీ అభ్యర్థి వరప్రసాదరావు ఓడారు. మూడో స్థానంలో ఉన్న కాంగ్రెస్ అభ్యర్థి చింతా మోహన్‌కు 60 వేలకు పైగా వచ్చాయి. గెలిచినవారికి కూడా పోలైన ఓట్లలో సగం రాలేదు. ఆ 60 వేల మందినీ "మీరు వేసిన మనిషి గెలవకపోతే మిగతా ఇద్దరిలో ఎవరు నయం?" అని అడిగి ఉంటే ఫలితం మారేదో, అలాగే ఉండేదో చెప్పలేం. ఎవరు గెలిచారన్నది కాదు నా బాధ. ఆ ప్రశ్న అడిగే వీలే మన ఈవీఎంలో లేదు.

అలా అడిగే ఎన్నిక మనకు కొత్తేమీ కాదు. 2023 మార్చి 13న తూర్పు రాయలసీమ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికకు తిరుపతిలో నేనూ క్యూలో నిలబడ్డాను. లోపల బారెడు పేపరు, వైలెట్ రంగు స్కెచ్ పెన్ను చేతిలో పెట్టారు. సొంత పెన్ను వాడకూడదు, టిక్కు కొట్టకూడదు, ఎవరు ముందో, ఎవరు తర్వాతో చెప్పే ప్రాధాన్య అంకెలే పేర్ల ఎదురుగా వేయాలి. 1 వేస్తే చాలు, 2, 3 మన ఇష్టం. నా వెనకాయన బయటికొచ్చాక "రెండోది కూడా వేయాల్సిందేనా సార్? టెన్షన్‌లో ఒకటే వేసేశా" అని అడిగారు. డిగ్రీ చదివిన మనిషికే ఇంత తడబాటు. అదే ఏడాది పక్కనున్న పశ్చిమ రాయలసీమలో మొదటి ప్రాధాన్య ఓట్లలో వెనకబడిన టీడీపీ అభ్యర్థి భూమిరెడ్డి రాంగోపాల్‌రెడ్డి, కిందినుంచి ఒక్కొక్కరినీ తొలగిస్తూ వాళ్ల ఓట్లలోని తర్వాతి ప్రాధాన్యాలు కలుపుకుంటూ పోయేసరికి గెలిచారు.

ఈ లెక్కను ఒక పల్లెకు తెచ్చి చూద్దాం. చిత్తూరు దగ్గర తోతాపురి మామిడి రైతులే ఎక్కువున్న ఊరు, వెయ్యి ఓట్లు అనుకోండి. గిట్టుబాటు ధర కోసం కొట్లాడిన ఇద్దరు రైతులు సర్పంచ్ పదవికి విడివిడిగా నిలబడ్డారు. ఒకరికి 350, ఇంకొకరికి 250. వాళ్లిద్దరికీ గిట్టని మూడో మనిషికి 400. ఇప్పటి పద్ధతిలో 400 వచ్చినాయనే సర్పంచ్, 600 మంది వద్దన్నా సరే. ప్రాధాన్యాలు రాయిస్తే ఆ 250 మంది ఓట్లు 350 వచ్చిన రైతుకు చేరతాయి.

దీనికీ ఒక లోపం ఉంది. 2022 ఆగస్టులో అమెరికాలోని అలాస్కాలో జరిగిన ఉప ఎన్నికలో నిక్ బెగిచ్‌ను మిగతా ఇద్దరితో ఒక్కొక్కరిగా పోలిస్తే ఇద్దరికన్నా ఆయన్నే ఎక్కువమంది కోరుకున్నారని బ్యాలెట్లే చెప్పాయి. కానీ మొదటి ప్రాధాన్యాలు తక్కువ రావడంతో ముందుగా బయటికి పోయింది ఆయనే. నలుగురికీ కావలసిన మనిషి ఇలా జారిపోతే పల్లెలో మరీ నష్టం.

అందుకే సర్పంచ్ ఎన్నికకు నేను కోరేది ఇంకా తేలిక పద్ధతి. ఒప్పుకోలు ఓటు అందాం. నచ్చినవాళ్లు ఎందరుంటే అందరి గుర్తుల మీదా ముద్ర వేయొచ్చు, ఎక్కువ ముద్రలు పడినవారే గెలుస్తారు. అమెరికాలోనే సెయింట్ లూయిస్ నగరం 2021 నుంచి మేయర్ ఎన్నిక మొదటి దశ ఇలాగే జరుపుతోంది. చదువురాని అవ్వ కూడా అంకెల గొడవ లేకుండా వేసి రాగలదు. అదే పేపరు, అదే ముద్ర. ఇద్దరు రైతులకూ ముద్ర వేయాలనుకున్న ఇల్లు ఒకరిని వదులుకోనక్కర్లేదు.

ఒకటి ఒప్పుకోవాలి. 2019లో టీడీపీకి 39 శాతం ఓట్లొస్తే 175లో 23 సీట్లు దక్కాయి, 2024లో వైఎస్సార్‌సీపీకీ సుమారు 39 శాతమే వస్తే 11 దక్కాయి. ఈ జబ్బు ముద్రలతోనో ప్రాధాన్యాలతోనో నయం కాదు. దానికి జర్మనీలో లాగా ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు పంచాలి. అది పార్లమెంటు తేల్చాల్సిన పెద్ద పని.

పంచాయతీ సంగతి అలా కాదు. సర్పంచ్‌ను ఏ పద్ధతిలో ఎన్నుకోవాలో రాష్ట్ర శాసనసభ చట్టం చేసుకోవచ్చని రాజ్యాంగం 243సి అధికరణమే చెబుతోంది. ఇప్పుడు కౌంటింగ్ టేబుల్ దగ్గర రెండు గుర్తుల మీద ముద్రలున్న పేపరు చెల్లని ఓట్లలోకి పోతోంది. దాన్ని చెల్లే ఓటుగా లెక్కించే సవరణ ఒక్కటి సభలో పెట్టడానికి మన తిరుపతి, చిత్తూరు ఎమ్మెల్యేలకు ఢిల్లీ అనుమతి అక్కర్లేదు.