శాలువాలు చాలు, తెర లేపండి

సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా కోస్తా జిల్లాల్లో నాటక పరిషత్తుల, అంటే నాటికల పోటీల, సందడి. బడి ఆవరణలోనో, ఊరి కళావేదిక మీదో మూడు నాలుగు రోజులపాటు రోజూ రెండు మూడు నాటికలు. గుంటూరు, విశాఖ, హైదరాబాద్‌ల నుంచి నాటక సమాజాలు సెట్టు సామాను వ్యాన్లో వేసుకుని దిగుతాయి. టికెట్ ఉండదు. ముందు వరుసలో న్యాయనిర్ణేతలు, వాళ్ల వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో ఊరు. నాటిక ముగిసి తెర పడగానే 'ఫస్టు ప్రైజు వీళ్లదే' అని వెనక వరుస తీర్పు చెప్పేస్తుంది. న్యాయనిర్ణేతలు మరోలా తేలిస్తే మర్నాడు పొద్దున టీకొట్టు దగ్గర అప్పీలు నడుస్తుంది.

దీన్ని నడిపేది సర్కారూ కాదు, వ్యాపారమూ కాదు. చందా పుస్తకం. ఎరువుల కొట్టాయన ఎంత రాశాడో చూసి బట్టల కొట్టాయన పెన్ను తీస్తాడు. బియ్యం మిల్లు నుంచి వస్తాయి. టెంటుహౌస్ యజమాని కుర్చీల అద్దె సగం వదిలేస్తాడు, ఆ మాట స్టేజీ మీద చెప్పించుకుంటాడు కూడా. రంగు కడుక్కున్న నటులకు అర్ధరాత్రి అన్నం వడ్డించేది కమిటీ వాళ్లే. ఎన్నికల్లో ఎదురెదురు పార్టీలకు జెండా మోసిన ఇద్దరు ఆ నాలుగు రోజులూ ఒకరు అధ్యక్షుడు, ఒకరు కోశాధికారి. సాంబారు అడుగంటితే ఇద్దరూ కలిసే పరుగెత్తాలి. పరిషత్తు ఊరికి చేసే అసలు ఉపకారం ఇదేనని మా అభిప్రాయం. నాటిక బాగుండొచ్చు, తేలిపోవచ్చు. దాన్ని ఆడించడం కోసం మాటల్లేని వాళ్లు మాట్లాడుకోవాల్సి రావడం మాత్రం ఏటా జరుగుతుంది.

ఇది కొత్తగా వచ్చిన అలవాటు కాదు. బళ్లారిలో సరసవినోదిని సభ అనే నాటక సమాజాన్ని నడిపించిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు వృత్తికి వకీలు. అదే ఊళ్లో సుమనోరమ సభకు ఆయువుపట్టయిన కోలాచలం శ్రీనివాసరావూ వకీలే. 1892లో విజయనగరంలో 'కన్యాశుల్కం' తొలిసారి ఆడింది జగన్నాథ విలాసినీ సభ. తెనాలిలో 1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది. ఇవాళ ఊరూరా జరిగే పోటీలకు పరిషత్తు అన్నదే వాడుక పేరైపోయింది. పగలు తమ పని చూసుకుని సాయంత్రం రిహార్సల్‌కు చేరే మనుషులే తెలుగు నాటకాన్ని ఇంతదూరం మోసుకొచ్చారు.

ఇప్పుడు కొన్నిచోట్ల ఆ మోత తప్పించుకునే దారి దొరికింది. ఒక పెద్ద స్పాన్సరును పట్టుకుని, మొత్తం ఈవెంట్ మేనేజర్ చేతిలో పెట్టేయడం. ఎల్ఈడీ తెర, డ్రోన్ కెమెరా, సినిమా పాటలకు డాన్సులు. కళ్లకు ఇంపుగానే ఉంటుంది, కాదనం. కానీ అందులో ఊరివాళ్లకు కూర్చుని చూడటం తప్ప పని ఉండదు. మర్నాడు లారీ వచ్చి సామాను ఎత్తుకుపోతే అక్కడితో సరి.

అలాగని పరిషత్తుల తప్పులు వెనకేసుకు రాలేం. అన్నిటికన్నా పెద్ద రోగం సన్మానాలది. ఏడింటికి మొదలు కావాల్సిన సభ ముఖ్య అతిథి కోసం ఎనిమిదింటిదాకా ఆగుతుంది. ఆపైన జ్యోతి ప్రజ్వలన, ఉపన్యాసాలు, శాలువాలు. అటు తెర వెనక ముసలి పాత్రధారి తలకు పూసిన తెల్లరంగు చెమటకు కారి చెవుల మీదికి వచ్చేస్తుంటుంది. తీరా తొమ్మిదిన్నరకు తెర లేస్తే పదింటికి మైకు గండం. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది దాటాక ఆరుబయట మైకు కుదరదు. సాంస్కృతిక, మతపరమైన పండగలకు ఏడాదిలో మొత్తం పదిహేను రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా రాష్ట్ర ప్రభుత్వం అనుమతించవచ్చని ఆ నిబంధనల్లోనే ఉంది. ఆ రోజుల్లో కొన్ని నాటకాలకూ దక్కాలి. అయితే అది అడిగే ముందు కమిటీలు శాలువాలు తగ్గించుకోవాలి.

రెండో లోపం ఆడవాళ్లను దూరంగా ఉంచడం. నటీమణుల కొరత ఎంతగా ఉందంటే ఒకే పరిషత్తులో రెండు మూడు సమాజాల తరఫున ఒకే నటి కనిపిస్తుంది. కమిటీల సంగతి మరీ అన్యాయం. వంటల దగ్గర తప్ప ఆడవాళ్ల అభిప్రాయం అడిగే కమిటీలు తక్కువ. కుర్రాళ్లదీ అదే కథ. ఫోన్లో షార్ట్ ఫిలిం తీసే పిల్లాడికి లైటింగ్ అప్పగించి చూడండి. కుర్చీలు మోయడానికే పిలిస్తే రెండో ఏడు రాడు.

ఇక డబ్బు. కంపెనీల చట్టం 2013 కింద కంపెనీలు తమ సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధులు ఖర్చుపెట్టదగిన అంశాల్లో కళలు, సంస్కృతి ఉన్నాయి. కానీ ఆ నిధులు అందుకుని పని చేసే సంస్థకు ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్లు ఉండాలి. రిటైరైన మాస్టార్లు నడిపే కమిటీలకు ఆ ఫారాలంటేనే భయం. ఊళ్లో ఉన్న ఆడిటరుగారు చందా ఇవ్వకపోయినా ఫర్వాలేదు, ఆ కాగితాలు చేసిపెడితే చాలు. జమాఖర్చులు మాత్రం, కంపెనీ అడిగినా అడక్కపోయినా, చందా ఇచ్చిన ప్రతివాడికీ కనపడేలా బడి గోడకు అంటించాలి.

ప్రభుత్వాల నుంచి కోరేది మరీ పెద్దదేమీ కాదు. మున్సిపల్ హాలు ఉండి కూడా అద్దె కట్టలేక పక్కనే షామియానా వేసుకుని ఆడే దుస్థితి పోవాలి. పెళ్లి రిసెప్షనుకూ ఉచిత నాటక ప్రదర్శనకూ ఒకే రేటు కట్టడం ఏం లెక్క? టికెట్ లేని ప్రదర్శనలకు ఏటా నాలుగు రోజులు కరెంటు, ఊడ్పు ఖర్చులకే హాలు ఇస్తామని మున్సిపాలిటీలు తీర్మానం చేయవచ్చు. నాలుగు గోడల మధ్య ఆడితే పదింటి మైకు గండమూ తప్పుతుంది.