మా ఇంటి కాకి, గద్ద, ఒక బీవర్

వాషింగ్టన్ రాష్ట్రంలో 2015 నుంచి బడిపిల్లలకు ఇక్కడి ఆదివాసుల చరిత్ర తప్పనిసరిగా చెప్పాలి. మంచి చట్టమే. అది మా ఇంట్లో చిచ్చు పెడుతుందని శాసనసభకేం తెలుసు?

మా అమ్మాయి హోంవర్క్: ఇంట్లోవాళ్లందర్నీ జంతువులుగా గీయాలి. అలాస్కా తీరపు ఆదివాసులు ట్లింగిట్ వాళ్ల వంశ చిహ్నాలు ఆ వంశాల సొత్తు, వాటిని కాపీ కొట్టకూడదు, గీత తీరు చూసి సొంతంగా గీయండి అందట టీచరు. లావుపాటి నల్లగీత ఒళ్లంతా చుట్టివస్తుంది. కళ్లకీ కీళ్లకీ గుడ్డును కాస్త నొక్కినట్టుండే ఆకారాలు. ముచ్చటగానే గీసింది. కానీ తెనాలి నుంచి మా అమ్మ వచ్చి ఉంది.

"ఈ కాకి ఎవరే?"

"నాన్న."

"బతికున్నవాణ్ణి కాకిని చేస్తారుటే! పిండాలు పెడతామా ఏం?"

"వీళ్ల కథల్లో కాకి గ్రేట్ నానమ్మా. పెట్టెలో దాచిన సూర్యుణ్ణి ఎత్తుకొచ్చి లోకానికి వెలుగిచ్చింది."

"అంటే దొంగ కూడానా?"

నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను.

"గద్ద అమ్మ."

"అది మాత్రం సరిగ్గా గీశావు. నా కొడుకుని తన్నుకుపోయిందిగా!"

"గద్దంటే గరుత్మంతుడండీ అత్తయ్యా," అంది మా ఆవిడ వంటింట్లోంచి. మిక్సీ ఆగింది.

"ట్లింగిట్ వాళ్లలో కాకి వాళ్లు గద్ద వాళ్లనే చేసుకోవాలి. కాకికి కాకి కుదరదు."

"సగోత్రం మనకీ పనికిరాదుగా. బుద్ధిమంతులే!" అంది అమ్మ, కాస్త మెత్తబడి.

"కానీ పిల్లలు అమ్మ వంశమే. అందుకే నేను గద్దపిల్లని."

అయిదు నిమిషాల్లో మా అత్తగారు వీడియో కాల్లో ఉన్నారు. బొమ్మ మరోసారి చూపించమన్నారు. దగ్గరగా.

ఇక మిగిలింది ఆ చివరి జంతువు. రెండు పలకపళ్లు, గళ్ల తోక, చేతుల్లో కర్రముక్క.

"అది నువ్వే నానమ్మా. బీవర్. చెట్లు కొరికి ఏటికి ఆనకట్టలు కట్టే జంతువు. పొద్దస్తమానం పని చేస్తూనే ఉంటుంది."

అమ్మ పైపళ్లసెట్టు ఈమధ్యే కట్టించుకుంది. "ఆ పళ్లు చెరిపెయ్."

"చెరిపేస్తే బీవర్ అని ఎవరికీ తెలీదు. వెడల్పు నోరుండి పళ్లు లేకపోతే కప్ప అనుకుంటారు."

అమ్మ కళ్లజోడు సవరించుకుని బొమ్మను అటూ ఇటూ తిప్పింది.

"సరే, పళ్లు ఉండనీ. ఆ కర్రముక్క తీసేసి అట్లకాడ పెట్టు."