టికెట్టుతో పాటు విరాళం: పుణ్యం ఎవరి ఖాతాలోకి?

క్రీడా పోటీల టికెట్టు ధరలో తప్పనిసరిగా కొంత విరాళం కలపాలన్న ప్రతిపాదన వినడానికి సొంపుగానే ఉంటుంది. ఐపీఎల్ మ్యాచ్‌కు రాగలిగినవాడు పేదల కోసం పది రూపాయలు ఇవ్వలేడా అని అడిగితే కాదనడానికి ఎవరికైనా మొహమాటమే, ఆ మొహమాటమే ఈ ప్రతిపాదనకు పెట్టుబడి. ఇవ్వనని చెప్పే వీలు లేనిచోట వసూలయ్యేది, ఏ పేరు పెట్టినా, పన్నే అవుతుంది. చట్టం ఆధారంగా తప్ప పన్ను వేయరాదని రాజ్యాంగంలోని 265వ అధికరణ చెబుతోంది. ఆ అధికారం క్రికెట్ బోర్డుకు గానీ ఫ్రాంచైజీకి గానీ ఎవరూ ఇవ్వలేదు.

సమర్థించేవారి మాటలోనూ కొంత నిజముంది. ముందే ధరలో కలిపేస్తే వసూలు నికరంగా ఉంటుంది, తలకు పడే భారం ఒక టీ ఖర్చును మించదు, పల్లె మైదానాలకో పేద పిల్లల వైద్యానికో ఏటా కచ్చితమైన మొత్తం అందుతుంది. ఆ అవసరాలు నిజమైనవే. అయితే ఆ మొత్తం ఎంతో ఒకసారి లెక్క వేసి చూడాలి.

ఉప్పల్ స్టేడియంలో సుమారు 38 వేల మంది పడతారు. ఐపీఎల్ సీజన్‌లో అక్కడ జరిగే ఏడు మ్యాచ్‌లూ కిక్కిరిసినా, ప్రతి టికెట్టూ డబ్బిచ్చి కొన్నదే అయినా, తలకు పది రూపాయల చొప్పున వచ్చేది 27 లక్షల లోపే. 2023 నుంచి 2027 వరకు ఐదు సీజన్ల ప్రసార హక్కులను బీసీసీఐ 48,390 కోట్ల రూపాయలకు అమ్ముకుంది. 410 మ్యాచ్‌ల లెక్కన ఒక్కో మ్యాచ్ విలువ 118 కోట్లు. ఉప్పల్ ప్రేక్షకులంతా కలిసి సీజన్ పొడవునా ఇచ్చేది ఆ ఒక్క సాయంత్రపు విలువలో పావు శాతం కూడా కాదు. డబ్బున్న చోటు కళ్లెదుటే కనిపిస్తుండగా, మధ్యాహ్నపు ఎండలో గేటు ముందు క్యూ కట్టినవాడి జేబు తడమడం దాతృత్వం ఎలా అవుతుంది?

ఆ జేబుపై ఇప్పటికే ఎంత భారం ఉందో కూడా చూడాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఐపీఎల్ టికెట్టుపై జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి పెరిగింది. పన్నుతో కలిపి 1,280 రూపాయలు పడే వెయ్యి రూపాయల టికెట్టు 1,400 అయింది. వరంగల్ నుంచో కర్నూలు నుంచో పిల్లలతో వచ్చే నలుగురి కుటుంబానికి టికెట్లకే 5,600 రూపాయలు కావాలి. దానిపై కన్వీనియన్స్ ఫీజు, బస్సు ఛార్జీలు, ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ల సీసాను గేటు దగ్గరే వదిలేసి లోపల కొనుక్కునే నీళ్లు అదనం. విరాళం టికెట్టు ధరలో తప్పనిసరి భాగమైతే దాన్ని పన్ను లెక్క నుంచి తప్పించడం కష్టం. అప్పుడు యాభై రూపాయల విరాళం ఇవ్వడానికి మరో ఇరవై రూపాయల జీఎస్టీ కట్టాల్సి వస్తుంది.

ఆన్‌లైన్‌లో టికెట్లు కొనేవారికి ఈ తంతు కొత్త కాదు. సీటు ఎంచుకుని, చెల్లింపు తెరకు వచ్చేసరికి ఫీజుల వరుస కింద, అడగకుండానే టిక్ పెట్టి ఉన్న చిన్న విరాళం కనిపించిన సందర్భాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. 2023 నవంబరులో కేంద్రం నోటిఫై చేసిన డార్క్ ప్యాటర్న్స్ (ఆన్‌లైన్‌లో కొనేవారిని ఏమార్చే పద్ధతుల) మార్గదర్శకాలు, వినియోగదారుడి సమ్మతి లేకుండా బిల్లులో విరాళం చేర్చడాన్ని 'బాస్కెట్ స్నీకింగ్' పేరిట నిషిద్ధ పద్ధతుల్లో స్పష్టంగా పేర్కొన్నాయి. అడగకుండా కలపడమే తప్పని చెప్పిన దేశంలో, వద్దనే అవకాశాన్నే తీసేయడం ఎలా ఒప్పవుతుంది?

నన్ను అన్నింటికంటే ఎక్కువగా కలవరపెట్టేది జవాబుదారీ విషయం. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం 1908లో మొదలుపెట్టిన చారిటీ షీల్డ్ మ్యాచ్‌కు పేరులోనే దానం ఉండేది, గేటు రాబడి సేవా సంస్థలకు వెళ్తుందన్నదే ఆ మ్యాచ్‌కున్న గౌరవం. టికెట్టు సొమ్ములో ఎంత భాగం సేవకు వెళ్తుందో సంఘం స్పష్టంగా చెప్పలేదని, సంస్థలకు చెల్లింపులు ఆలస్యం చేసిందని అక్కడి చారిటీ కమిషన్ తేల్చింది. 2002లో ఆ మ్యాచ్ పేరును కమ్యూనిటీ షీల్డ్‌గా మార్చాల్సి వచ్చింది. సేవా సంస్థలపై ప్రత్యేక నిఘా వ్యవస్థ ఉన్న దేశంలో, దశాబ్దాల చరిత్ర ఉన్న సంఘం చేతుల్లోనే అలా జరిగితే, ఇక్కడ లెక్క ఎవరు అడుగుతారు? వేలమంది ప్రేక్షకుల సొమ్ము పోగై, పెద్ద చెక్కుగా మారి, కెమెరాల ముందు ఫ్రాంచైజీ యజమాని చేతుల మీదుగా వెళ్తుంది. అత్తసొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే. ఇచ్చినవాడికి పేరూ ఉండదు, రసీదూ ఉండదు.

తప్పనిసరిగా వసూలు చేయాల్సిన అవసరమే వస్తే దానికి సరైన దారి మన చరిత్రలోనే ఉంది. బంగ్లాదేశ్ శరణార్థులు సుమారు కోటి మంది తరలివచ్చిన 1971లో ప్రభుత్వం ఉత్తరాలపై అదనంగా ఐదు పైసల శరణార్థి సహాయ స్టాంపు పెట్టింది. దాన్ని పన్నుగానే విధించింది, 1973లో ఎత్తేసింది. ఆ నిజాయితీ ఇప్పుడు ప్రభుత్వాల్లోనే కరవైంది. ఒక మంచి పని పేరు చెప్పి సెస్సు వేయడం, ఆ సొమ్ము ఆ పనికి చేరిందో లేదో చెప్పకపోవడం అలవాటైపోయింది. 2018-19లో సెస్సులు, ఇతర సుంకాల రూపంలో 2.74 లక్షల కోట్లు వసూలైతే, వాటికి ఉద్దేశించిన నిధులకు బదిలీ అయింది 1.64 లక్షల కోట్లేనని ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ నివేదిక బయటపెట్టింది. సెస్సులో రాష్ట్రాలకు వాటా ఉండదు కనుక ఆ నష్టం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లకూ తగులుతోంది. పార్లమెంటూ కాగ్ ఉన్నచోటే ఇలా జరుగుతుంటే, ఆ రెండూ లేని టికెట్టు విరాళం గురించి చెప్పేదేముంది?

దానం చేయాలనుకున్న క్రీడా సంస్థలకు దారులు మూసుకుపోలేదు. 2019లో చెన్నై సూపర్ కింగ్స్ తన తొలి సొంత మ్యాచ్ టికెట్ల రాబడిని పుల్వామా అమరుల కుటుంబాలకు ప్రకటించింది. అదే ఏడాది బీసీసీఐ ప్రారంభ వేడుకలు మానుకుని 20 కోట్లు సైనిక దళాలకు, సీఆర్‌పీఎఫ్‌కు ఇచ్చింది. ఇచ్చినవారు తమ రాబడిలోంచి ఇచ్చారు. ప్రతి ఫ్రాంచైజీ ఏటా ఒక సొంత మ్యాచ్ గేటు రాబడిని తన రాష్ట్రంలోని జిల్లా మైదానాలకు కేటాయించాలి. ప్రేక్షకుడు తానుగా ఇవ్వదలిస్తే టికెట్టు కొనే తెరపై టిక్ లేని గడి ఒకటి ఉంచి, అతడి పేరిటే ఆదాయపు పన్ను మినహాయింపుకు పనికొచ్చే 80జీ రసీదు పంపాలి. సీజన్ ముగిసిన నెలలోగా ఎంత వచ్చిందో, ఏ ఊరి మైదానానికి ఎంత చేరిందో ఫ్రాంచైజీ తన వెబ్‌సైట్‌లో పెట్టాలి.